చిల్లుల అట్ట మీద రాసిన పేర్లు

పోయిన నెల ఒక మధ్యాహ్నం ధర్మవరం ఫోన్ చేశాడు. ఊరు కాదు, మనిషి. మా హాస్టల్లో ఎవరికీ సొంత పేరు ఉండేది కాదు. ఏ ఊరోడైతే ఆ ఊరి పేరే పేరు. వాడు ధర్మవరం, ఇంకొకడు తాడిపత్రి, ఇంకొకడు హిందూపురం, మా సీనియర్ ఒకాయన గుంతకల్లన్న, నేను ఉరవకొండ.

"భాయ్ పోయినాడప్పా" అన్నాడు. ఏ భాయో అడగాల్సిన పని లేదు. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ పట్టుకుని ఊరికే ఉండిపోయాం.

నలభయ్యో దినానికి బెంగుళూరు నుంచి అనంతపురం రైల్లోనే పోయాను. బస్సయితే తొందరగా చేరేవాణ్ణేమో. కానీ భాయ్ టీ అంగడి స్టేషన్ ఎదురుగానే. ఆయన దగ్గరికి రైలు దిగి నడిచిపోవడమే నాకు అలవాటు. ప్లాట్‌ఫారం దాటి బయటికి వస్తుండగానే ముక్కు దానంతటదే ఒక వాసన కోసం వెతుక్కుంది. కిరసనాయిలు పంపు స్టవ్వు, దాని మీద అడుగంటుతున్న పాలు, రోట్లో దంచిన అల్లం, పక్క బండి మీద మిరపకాయ బజ్జీల నూనె, అన్నీ కలిసిన వాసన. అది లేదు. ఇప్పుడు కొడుకు గ్యాస్ మీద కాస్తున్నాడు. అల్లం మాత్రం అదే అల్లం. బల్ల కూడా అదే, మేమంతా ఒకరి భుజం ఒకరికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్న బల్ల. దాని మీద కూర్చోగానే గొంతు పట్టేసినట్లయింది.

*

అనంతపురంలో ఫుట్‌బాల్ ఏంటని బెంగుళూరులో చాలామంది అడుగుతారు. మా జిల్లా పిల్లలకు ఫుట్‌బాల్ టీవీలో పుట్టింది కాదు. ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురానికొచ్చి ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పెట్టారు. ఆయనది బార్సిలోనా. 2009లో ఆయన పోయినప్పుడు పల్లెల నుంచి జనం కట్టలు తెగి వచ్చారు. నేనప్పుడు స్కూలు పిల్లవాణ్ణి, మా అవ్వ ఏడవడం చూశాను. ఆర్డీటీ గ్రౌండుల్లో, స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలు బూట్లేసుకుని ఆడుతుంటే, స్పెయిన్ నుంచి వచ్చిన వలంటీర్లు గట్టు మీద నిలబడి అరిచేవాళ్ళు. బార్సిలోనా చొక్కా మీద ఆ ఎరుపు, నీలం చారలు నేను మొట్టమొదట చూసింది ఆ గ్రౌండులోనే, ఎర్రమట్టి దుమ్ములో. అందుకే స్పెయిన్ మాకు దూరదేశం అనిపించేది కాదు.

ఇంగ్లండు క్లబ్బుల పిచ్చి మాత్రం హాస్టల్లో అంటుకుంది. టీవీ హాల్లో శనివారం రాత్రి ఏడున్నరకు మ్యాచ్, చలికాలమైతే ఎనిమిదిన్నరకు. క్రికెట్ వాళ్ళ చేతిలోంచి రిమోట్ తీసుకోవడమే ఒక పెద్ద పోరాటం. నేను, తాడిపత్రి మాంచెస్టర్ యునైటెడ్. ధర్మవరం, గుంతకల్లన్న ఆర్సెనల్. హిందూపురం ఒక్కడే చెల్సీ. 2011 జనవరిలో వాళ్ళు టోరెస్ అనే ఆటగాడి కోసం 50 మిలియన్ పౌండ్లు పోసినప్పటి నుంచి వాడు ఎవరితోనూ డబ్బు గురించి మాట్లాడేవాడు కాదు.

మ్యాచ్‌లకన్నా మమ్మల్ని ఎక్కువగా కలిపింది, కొట్టుకునేదాకా తెచ్చింది మాత్రం మ్యాచ్‌లు లేని ఎండాకాలం. ఎవరు వస్తారు, ఎవరు పోతారు. ట్రాన్స్‌ఫర్లు, అంటే ఆటగాళ్ళు ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు మారడం.

*

భాయ్ జీవితంలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. కానీ ట్రాన్స్‌ఫర్ వ్యవహారమంతా మాకన్నా బాగా అర్థమయింది ఆయనకే. ఆయన లెక్కలో అది పెళ్ళి సంబంధం. క్లబ్బులు రెండూ రేటు ఒప్పుకుంటే "మాటలైనాయి". ఆటగాడితో జీతం మాట్లాడితే "పిల్లోడు సరేనన్నాడు". డాక్టర్లు చూసే మెడికల్ టెస్టు "పెళ్ళిచూపులు". ఆఖరి రోజు కాగితాలు అందకపోతే "ముహూర్తం తప్పింది". నడిమి ఏజెంటుకు పోయే కమీషన్ గురించి తెలిసినప్పుడు "పెళ్ళిళ్ళ పేరయ్య యాడైనా పేరయ్యేనప్పా" అన్నాడు.

వార్తలెట్లా వచ్చేవో ఈ కాలం పిల్లలకు చెప్తే నమ్మరు. స్టేషన్ రోడ్డు మీద నెట్ సెంటర్లో గంటకు 15 రూపాయలు. నలుగురం తలా ఇంత వేసుకుని ఒక కుర్చీలో ఇద్దరం, వెనక ఇద్దరం నిలబడి, ఇంగ్లండు పేపర్లలో వచ్చిన పుకార్లన్నీ చదివి, బుర్రలో ఎక్కించుకుని, భాయ్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. దారిలోనే పుకారు సగం నిజమైపోయేది. రాత్రయితే ఒకే ఒక్క నోకియా ఫోన్, అందులో నెట్ ప్యాక్. పేజీ తెరుచుకోవడానికి పట్టే టైమ్‌లో ఒక టీ తాగేయొచ్చు. బొమ్మలు రావు, అక్షరాలే. ఒక్కో గీత కిందికి జరుగుతుంటే నలుగురి ఊపిరీ ఆ చిన్న అద్దం మీదే పడేది.

ట్రాన్స్‌ఫర్లకు ఆఖరి రోజున ఇంగ్లండులో అప్పట్లో రాత్రి 11 గంటలకు గడువు ముగిసేది. మనకది ఆగస్టు ఆఖరులో అయితే తెల్లవారుజామున 3:30, జనవరి గడువైతే 4:30. ఆ వేళకు అనంతపురంలో తెరిచి ఉండే చోటు స్టేషన్ ముంగిలి ఒక్కటే. గుంతకల్లు వైపు, ధర్మవరం వైపు పోయే బండ్ల కోసం భాయ్ స్టవ్వు ఆరేది కాదు. ఆటో వాళ్ళు, హమాలీలు, మూటల మీద నిద్రపోతున్న ముసలివాళ్ళు, వాళ్ళ నడుమ మేము. ఏడాదికి రెండు రాత్రులు అది మా పండగ.

*

2011 ఆగస్టు ధర్మవరానికి చెడ్డకాలం. కెప్టెన్ ఫాబ్రిగాస్ బార్సిలోనాకు పోయాడు. పది రోజులు తిరక్కుండానే నస్రీ మాంచెస్టర్ సిటీకి పోయాడు. ఆ నెల 28న, ఆదివారం, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మా మీద ఆర్సెనల్ ఆట. వాన్ పెర్సీ పెనాల్టీని మా గోలీ డి హెయా ఆపాడు. ఇంక ఆగలేదు. రూనీ మూడు, యంగ్ రెండు. హాలంతా కేకలు. 8-2.

ఆర్సెనల్ అభిమానులకు ఆ రోజు ఎంత అవమానమో నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు. తెల్లారి భాయ్ అంగట్లో ధర్మవరం అడుగు పెట్టగానే తాడిపత్రి గట్టిగా ఆర్డరిచ్చాడు: "భాయ్, ఎనిమిది టీ, రెండు బన్ను!" మేము ముగ్గురమే ఉన్నాం. భాయ్‌కి అర్థం కాలేదు. ఎనిమిది గ్లాసులు వరస పెట్టి నిజంగానే పోశాడు. పక్కన రెండు బన్నులు పెట్టాడు. మేం నవ్వలేక చస్తున్నాం. ధర్మవరం ఆ గ్లాసుల వంక చూసి, లెక్కపెట్టి, ఒక బన్ను తీసుకుని టీలో ముంచుకుని తిన్నాడు. "ఈ రెండూ మావే కదప్పా" అన్నాడు. ఆ మాటకు భాయ్ పగలబడి నవ్వాడు. అప్పటి నుంచి మేము కనపడితే చాలు, దూరం నుంచే ఆయన అరిచేవాడు: "ఎనిమిది టీ, రెండు బన్ను!"

మూడు రోజులకు గడువు. ఆర్సెనల్ ఆ ఆఖరి రోజు మెర్టెసాకర్‌ను తెచ్చింది, ఆఖరి నిమిషాల్లో ఎవర్టన్ నుంచి ఆర్టెటాను తెచ్చింది. "సంతలో పొద్దుగూకినాక మిగిలిన వంకాయలు కొన్నారు" అని నేనే అన్నాను. ఆ ఆర్టెటాయే తర్వాత వాళ్ళ కెప్టెన్ అయ్యాడు. 2019 డిసెంబరులో మేనేజరై వచ్చి ఆ జట్టును నిలబెట్టాడు. ఆ రాత్రి ధర్మవరం ఒక్కడే "మంచోడప్పా, బాల్ పోగొట్టుకోడు" అన్నాడు. మేం వినలేదు.

*

వాడి దగ్గర ఒక అట్ట ఉండేది. దాని గురించి వివరంగా చెప్పాలి.

వాళ్ళ నాయన పట్టుచీరలు నేస్తాడు. జకార్డు మగ్గానికి అట్టలుంటాయి. జానెడు పొడుగు, మూడు నాలుగు వేళ్ళ వెడల్పు, గట్టి అట్ట, నిండా గుండ్రటి చిల్లులు. అట్లాంటివి వందల కొద్దీ దారంతో కలిపి కుట్టి దండలా మగ్గం పైన తిప్పుతారు. ఒక్కో అట్ట తిరిగితే ఒక్కో పోగు. ఏ చిల్లు ఉంటే ఏ దారం లేవాలో అట్టే చెప్తుంది. అన్నీ తిరిగితే గాని కొంగు మీద నెమలి పడదు. డిజైన్ పాతబడితే అట్టలు మూలకు పోతాయి. అట్లాంటి పాత అట్ట ఒకటి ధర్మవరం పుస్తకంలో ఉండేది. చిల్లుల నడుమ ఖాళీల్లో, చిన్న చిన్న అక్షరాలతో, బాల్‌పెన్నుతో ఆర్సెనల్‌కు వస్తారని అనుకున్నవాళ్ళ పేర్లు రాసుకునేవాడు. వేరే క్లబ్బుకు పోతే అడ్డంగా ఒక గీత. వస్తే చుట్టూ సున్నా. గీతలే ఎక్కువ. పెన్ను ఒక్కోసారి చిల్లులో దిగి సగం అక్షరం పోయేది. దాన్ని ఆ పక్క మళ్ళీ దిద్దేవాడు. వేలు పెట్టి తాకితే గీతలు చేతికి తగిలేవి, అంత గట్టిగా గీసేవాడు.

ఎందుకు ఎవరూ రారో వాడికి తెలుసు. 2006లో ఆర్సెనల్ తమ పాత గ్రౌండు హైబరీ వదిలి కొత్త స్టేడియానికి మారింది. ఆ కట్టుబడి అప్పు ఏళ్ళ తరబడి తీర్చాలి. 2005 తర్వాత కప్పు లేదు. మంచి ఆటగాడు దొరికితే పెంచడం, ఎదిగాక అమ్మడం. మేనేజర్ వెంగర్ చేతిలో డబ్బు లేక కాదు, అప్పు ముందు పెట్టుకుని పొదుపు చేస్తున్నాడని వాడు గంటల కొద్దీ చెప్పేవాడు. "ఇల్లు కట్టినోడికి తెలుస్తుంది, పెండ్లి చేసినోడికి తెలుస్తుంది" అనేవాడు. ఎండాకాలం రాగానే మాత్రం అంతా తెలిసి కూడా అట్ట తీసేవాడు.

నేను ఆ అట్ట చూసే ఒక మాట కనిపెట్టాను. "మీ క్లబ్బు ఎట్లాంటిదంటే, ధర్మవరంలో చీరలన్నీ విప్పించి చూసి, మళ్ళా వస్తామని లేచిపోయే గిరాకీ." హాస్టలంతా పాకింది. ప్రతి పుకారుకూ అదే మాట. ఆర్సెనల్ ఎవరినో చూసిందంటే చాలు, "విప్పించినారంటనా? లేచిపోయినారంటనా?" అని కారిడార్‌లో ఈ కొస నుంచి ఆ కొసకు అరుపులు. ధర్మవరం ఏమీ అనేవాడు కాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

*

2012 ఎండాకాలంలో ఒకసారి వాడితో కలిసి వాళ్ళింటికి పోయాను. మధ్యాహ్నం రెండయింది, కరెంటు లేదు. ఆ ఏడాది కోతలు అట్లా ఉండేవి. వీధిలోకి తిరిగామో లేదో చప్పుడు. ఒక ఇంట్లోంచి టకటక, పక్కింట్లోంచి ఇంకో తాళంలో టకటక, ఎదురింట్లో పాత మగ్గం గరగర. ఎవరూ ఆగరు. ఆ చప్పుడులోనే పిల్లలు నిద్రపోతున్నారు, ఆ చప్పుడులోనే ఆడవాళ్ళు గడపలో కూర్చుని పట్టు కండెలకు చుడుతున్నారు. వాళ్ళ నాయన గుంత మగ్గంలో నడుము దాకా దిగి ఉన్నాడు. తల ఎత్తి "రా నాయనా, ఎండన పడి వచ్చినారు" అన్నాడు. మజ్జిగ ఇచ్చారు. ఉగ్గాని చేసి పెట్టారు, బజ్జీలు వేడివేడిగా.

సాయంత్రం కారులో ఎవరో దిగారు, మొగుడూ పెళ్ళాం, ఇద్దరు బంధువులు. షావుకారు రేటు గిట్టక వాళ్ళ నాయన అప్పుడప్పుడు ఇంట్లోనే అమ్మేవాడు. చాప పరిచి చీరలు విప్పాడు. ఒకటి, రెండు, పది. అంచు చూశారు, కొంగు చూశారు, వెనక్కి తిప్పి జరీ చూశారు. ఫోన్లో ఫోటో తీసుకున్నారు. ఇరవై దాకా విప్పించారు. "మళ్ళా వస్తామండీ" అని లేచారు. కారు తలుపుల చప్పుడు.

ఆయన ఏమీ అనలేదు. చాప మీద కూర్చుని ఒక్కో చీరనూ మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టాడు. పాత మడత గీత మీదే మడత పడాలి, లేకుంటే జరీ విరుగుతుంది. ఒక కొస ధర్మవరం పట్టుకున్నాడు, ఒక కొస ఆయన. దగ్గరికి రావడం, కలపడం, ఆయన బొటనవేలితో గీత వెంబడి మెల్లగా రాయడం. మళ్ళీ వెనక్కి పోవడం. ఇరవై చీరలు. లాంతరు వెలుతురులో ఆ పని గంట పట్టింది. నేను గోడకానుకుని కూర్చున్నాను. నా మాట నా చెవుల్లోనే మోగింది. వాడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

భోజనాలప్పుడు వాళ్ళ నాయన అడిగాడు. "వీడు ఎవురో వస్తారని రాత్రంతా మేలుకుంటాడంట కదా. ఎవురొస్తారు నాయనా?" నేను చెప్పలేకపోయాను. ధర్మవరమే "వస్తారు లే నాయనా" అని సంగటి ముద్ద తుంచుకున్నాడు.

ఆ మాట మళ్ళీ నా నోటివెంట రాలేదు. అంతటితో ఆగిందని కాదు. హాస్టల్లో అది నా చెయ్యి దాటిపోయింది. ఆ ఆగస్టులోనే వాళ్ళ కెప్టెన్ వాన్ పెర్సీ మాకే వచ్చాడు, 24 మిలియన్ పౌండ్లకు. అంతకు ముందు సీజన్‌లో లీగులో 30 గోల్స్ కొట్టినవాడు. కాంట్రాక్టు ఇంకొక్క ఏడాదే మిగిలింది, పొడిగించనన్నాడు, అమ్మక తప్పలేదు. తాడిపత్రి డప్పు తెచ్చాడు. నేను డప్పు పట్టుకోలేదు, ఆపనూ లేదు. ఆపకపోవడం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ధర్మవరం రెండు రోజులు మెస్సుకు రాలేదు. మూడో రోజు భాయే ఒక గ్లాసు టీ, రెండు బన్నులు పేపర్లో చుట్టి నాతో పంపాడు. "ఇయ్యి, ఏం మాట్లాడకు" అన్నాడు.

వాన్ పెర్సీ మా దగ్గర 20వ నంబరు చొక్కా వేసుకుని, మరుసటి ఏప్రిల్‌లో ఆస్టన్ విల్లా మీద మూడు గోల్స్ కొట్టి 20వ టైటిల్ తెచ్చాడు. రూనీ వెనక నుంచి వేసిన పొడుగు బంతిని నేల తాకకుండా గాల్లోనే కొట్టిన ఆ రెండో గోల్ చూసి అర్ధరాత్రి హాలంతా లేచి నిలబడింది. మూలలో ధర్మవరం కూడా నిలబడ్డాడు. చప్పట్లు కొట్టాడు. నేను చూశాను.

*

2013 ఎండాకాలం అనంతపురం ఎవరూ మరిచిపోలేరు. జులై ఆఖరులో రాష్ట్రం విడగొడతామని ఢిల్లీలో తీర్మానం అయింది. తెల్లారేసరికి ఊరు రోడ్డు మీదికొచ్చింది. కాలేజీలు మూత. ఆగస్టు నడిమి నుంచి ఆర్టీసీ బస్సులు కూడా ఆగిపోయాయి. సప్తగిరి సర్కిల్‌లో, క్లాక్ టవర్ దగ్గర రిలే దీక్షలు, నడిరోడ్డు మీద వంటావార్పు. మేమూ కూర్చున్నాం, అరిచాం, అక్కడే తిన్నాం. ఇంటికి పోదామంటే బస్సు లేదు. ఊళ్ళో అంగళ్ళన్నీ మూసినా రైళ్ళు నడుస్తున్నాయి కాబట్టి భాయ్ స్టవ్వు మండుతూనే ఉంది. ఒక పక్క మన రాష్ట్రం ఏమవుతుందో తెలియదు, ఇంకో పక్క మా మేనేజర్ ఫెర్గూసన్ రిటైరై పోయాడు, మాకు ఏ ఆటగాళ్ళు వస్తారో తెలియదు. ఆ దిగులూ ఈ దిగులూ ఒకే బల్ల మీద కూర్చుని పడ్డాం.

ఆ జులైలో ఆర్సెనల్ లివర్‌పూల్‌కు సువారెజ్ కోసం 40 మిలియన్ల ఒక్క పౌండు ఇస్తామంది. కాంట్రాక్టులో 40 మిలియన్లు దాటితే ఏదో షరతు ఉందని వాళ్ళ లెక్క, అందుకు పైన ఒక్క పౌండు. లివర్‌పూల్ ఇవ్వలేదు. లోకమంతా నవ్వింది. భాయ్ మాత్రం నవ్వలేదు. "అందులో తప్పేముంది? మనం నూటపదహార్లు చదివించమా? వొట్టి సున్నా ఇస్తే అశుభం. పైన ఒకటి పెట్టినారు, మర్యాద తెలిసినోళ్ళు" అన్నాడు. ధర్మవరం ఆ మాటకు ఎంత సంతోషపడ్డాడో. అట్ట మీద సువారెజ్ పేరు కొట్టేశాడు గానీ, పక్కన "1" అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు.

సీజన్ మొదటి రోజే ఆర్సెనల్ సొంతూళ్ళో విల్లా చేతిలో 3-1తో ఓడింది. అప్పటికి వాళ్ళు తెచ్చింది డబ్బులివ్వకుండా సనోగో ఒక్కణ్ణి. మా వాళ్ళ సంగతి అంతకన్నా బాగా లేదు. తియాగో వస్తాడన్నారు, బయర్న్‌కు పోయాడు. ఫాబ్రిగాస్‌ను అడిగారు, మళ్ళీ అడిగారు, బార్సిలోనా పంపలేదు.

సెప్టెంబరు 2, గడువు రాత్రి. ఊరంతా చీకటి, స్టేషన్ లైట్లు తప్ప. హిందూపురం నడిచొచ్చాడు, గుంతకల్లన్న రైలు దిగి వచ్చాడు. ముందురోజే బేల్ రియల్ మాడ్రిడ్‌కు పోవడం ఖాయమైంది. ఆయనకు చోటు చెయ్యాలని మాడ్రిడ్ వాళ్ళు ఓజిల్‌ను వదులుతున్నారని పొద్దుటి నుంచి పుకారు. ధర్మవరం నమ్మలేదు. రెండేళ్ళుగా మేమే నమ్మకుండా చేశాం. అట్ట బయటికి తియ్యలేదు. "తియ్యరా" అని నేనే అన్నాను.

పేజీ తెరుచుకుంటోంది. పాలు పొంగుతున్నాయి, భాయ్ కూడా చూడట్లేదు. ఒక గూడ్సు బండి ఆగకుండా పోతోంది, దాని చప్పుడులో గుంతకల్లన్న గొంతు వినపడలేదు. పెదాలు మాత్రం కదిలాయి. ధర్మవరం ఫోన్ లాక్కుని చూశాడు. ఓజిల్. 42.5 మిలియన్ పౌండ్లు. ఆర్సెనల్ అంత డబ్బు అంతకు ముందు ఎవరికీ పెట్టలేదు. వాడు అరవలేదు. గుంతకల్లన్న భుజం మీద తల పెట్టి అట్లాగే ఉండిపోయాడు. భాయ్ "పిల్ల వచ్చిందా?" అన్నాడు. "వచ్చింది భాయ్." "కాళ్ళు కడుగు మరి" అని అందరికీ టీ పోశాడు. డబ్బు తీసుకోలేదు.

మాకు ఫెల్లైనీ వచ్చాడు, చివరి నిమిషాల్లో, 27.5 మిలియన్లకు. అప్పుడు నా వైపు తిరిగి ధర్మవరం, కళ్ళ నీళ్ళతోనే, నవ్వుతూ అన్నాడు: "ఏమప్పా ఉరవకొండా, ఎండాకాలమంతా చీరలన్నీ విప్పించి చూసినారంటనే?" అందరూ గోల గోల. నేనూ గట్టిగా నవ్వాను. ఏడాదిగా గుండెలో ఇరుక్కున్నది ఏదో ఆ మాటతో జారిపోయింది. ఆ మాట వాడి నోట వినడమే నాకు కావలసింది.

*

మరుసటి మేలో ఆర్సెనల్ హల్ సిటీ మీద 0-2 నుంచి 3-2తో ఎఫ్ఏ కప్పు గెలిచింది. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి కప్పు. మేము ఆ ఏడాది లీగులో ఏడో స్థానం. ముందురోజే ఎన్నికల ఫలితాలు వచ్చాయి, రెండు వారాలకు రాష్ట్రం రెండయింది, మా చదువులు అయిపోయాయి. తాడిపత్రి హైదరాబాదు, హిందూపురం దుబాయి, నేను బెంగుళూరు. ధర్మవరం రెండేళ్ళు ఉద్యోగం చేసి, నాయనకు చూపు తగ్గడంతో ఊరికి తిరిగొచ్చి చీరల అంగడి పెట్టాడు. ఇప్పుడు వాళ్ళ ఊరు సత్యసాయి జిల్లాలో ఉంది. వాడు మాత్రం మాకు అనంతపురం వాడే.

ఆ తర్వాతి ఏళ్ళలో ఎదురుచూపులన్నీ నావి. ఊరికే పోగొట్టుకున్న పోగ్బాను 2016లో 89 మిలియన్లు పెట్టి మళ్ళీ తెచ్చుకున్నాం. ప్రతి ఎండాకాలం ఎవరో వస్తారని చూడటం, వచ్చినవాళ్ళు నిలబడకపోవడం. గడువు రాత్రి ధర్మవరం నుంచి ఒక్క మెసేజ్ తప్పకుండా వచ్చేది: "మేలుకున్నావా?" అంతే. నేను మేలుకునే ఉండేవాణ్ణి.

*

నలభయ్యో దినం భోజనాలయ్యాక భాయ్ కొడుకు అంగడి తెరిచాడు. "మా నాయన ఉన్నింటే మిమ్మల్ని టీ తాగకుండా పంపేవాడు కాదన్నా" అన్నాడు. బల్ల మీద నేను, ధర్మవరం, హైదరాబాదు నుంచి వచ్చిన తాడిపత్రి. ముగ్గురికీ నడుములు వచ్చాయి, పక్కపక్కన పట్టడం లేదు. ధర్మవరం జేబులోంచి కళ్ళద్దాల పెట్టె తీశాడు, అందులోంచి అట్ట. అంచులు నలిగి మెత్తబడ్డాయి, చిల్లులు సాగాయి, పేర్లు సగం చెరిగిపోయాయి. "1" చుట్టూ సున్నా మాత్రం అట్లాగే ఉంది. తాడిపత్రి దాన్ని తీసుకుని చాలాసేపు చూశాడు. "ఆ డప్పు కొట్టకుండా ఉండాల్సిందప్పా" అన్నాడు. ధర్మవరం వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

పిల్లవాడు అల్లం దంచుతూ దంచుతూ ఆగాడు.

"అన్నా, ఒక మాట అడగాలని ఉండాను. ఆఖర్లో ఆస్పత్రిలో మా నాయన మీ గురించే చెప్తాండె. కాలేజీ పిల్లోల్లు ఎప్పుడన్నా వస్తే ఎనిమిది టీ, రెండు బన్ను ఇయ్యి, డబ్బులు తీసుకోవద్దు అనె. ముగ్గురికి ఎనిమిది టీలు ఏందన్నా?"

తాడిపత్రి తల దించుకున్నాడు. నేను ధర్మవరం వైపు చూశాను. వాడు బల్ల మీద కొంచెం జరిగి, పిల్లవాడికి చోటు చేశాడు.

"స్టవ్వు సిమ్‌లో పెట్టి వచ్చి కూర్చో, చెప్తా. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఆట మొదలైంది..."